ముంపు గల్లీలో నాటకం పనికొస్తుందా?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు వాన గురించి పాఠం చెప్పబోతే నవ్వుతారు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు కురిసింది. బేగంపేటలో 19 సెంటీమీటర్లు దాటింది. అక్టోబరు నెలలో ఒక్కరోజులో అంత వాన పడడం నగరం నూరేళ్లకు పైగా ఎరగదు. సరూర్‌నగర్ చెరువు కింది కోదండరాంనగర్, సీసాల బస్తీల్లోకి నీళ్లు వచ్చి రోజుల తరబడి తిష్ఠ వేశాయి. అంతకు నెల ముందు సెప్టెంబరులో కూడా ఆ గల్లీలు మునిగాయి. వరద తగ్గాక సర్కారు ఇంటికి పదివేలు ఇచ్చింది. ఆ పదివేల కోసం నిలబడ్డ క్యూలు గుర్తున్నంతగా, ఆ రాత్రి కరెంటు మెయిన్ ఎవరు ఆపారో, ఎవరు ఆపనివ్వలేదో ఎవరికీ గుర్తు లేదు.

మారుతున్న వాతావరణానికి తగ్గట్టు బతుకు సర్దుకోవడం పెద్దవాళ్లకు నేర్పాలి, దానికి నాటకం మంచి సాధనం అనే మాట ఈమధ్య సెమినార్లలో, స్వచ్ఛంద సంస్థల నివేదికల్లో తరచూ వినిపిస్తోంది. వినడానికి కొత్తగా ఉన్నా తెలుగువాళ్లకిది పాత విద్యే. కరువు మీద, సారా మీద, బోరుబావుల మీద మనవాళ్లు కథలు చెప్పారు, ఆటలు ఆడారు, అందులో కొన్ని గెలిచాయి, చాలా మట్టుకు చప్పట్లతో ముగిసిపోయాయి. ఏవి ఎందుకు గెలిచాయో చూస్తే తూర్పు హైదరాబాద్‌కు ఏది అక్కరకొస్తుందో తెలుస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సమాచారం చేరవేయడానికి నాటకం దండగ, ఆ పని వాట్సాప్ ఇంతకంటే చవగ్గా చేస్తుంది. నలుగురి ముందు ఒక తగాదాను బయటపెట్టి, తీర్పు చూసేవాళ్లకే వదిలిపెట్టేచోట మాత్రం నాటకానికి సాటి వచ్చేది లేదు.

ముందు స్థలం సంగతి. సరూర్‌నగర్ చెరువు 1626 నాటిది, కుతుబ్‌షాహీల కాలంలో తవ్వింది. ఇప్పుడు దాదాపు వంద ఎకరాలు ఉంటుంది. మీర్‌పేట వైపు చెరువులు నిండితే ఆ నీళ్లు ఒకదాని మీద ఒకటి దాటుకుంటూ ఇక్కడికి దిగుతాయి, ఇక్కడినుంచి మూసీకి పోవాలి. పోయే దారిలో కాలనీలు లేచాయి. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం రెండూ 2007 దాకా విడివిడి మున్సిపాలిటీలు. లేఅవుట్లకు అనుమతులిచ్చింది ఒక ఆఫీసు, తర్వాత నాలాలు వెడల్పు చేయాల్సి వచ్చింది మరో ఆఫీసు. నీళ్ల మాట తీసుకుంటే, కృష్ణా జలాలు 2004లో నగరానికి చేరింది ఈ దిక్కునుంచే, సాహెబ్‌నగర్ రిజర్వాయరు మీదుగా. అయినా వేసవిలో బోరు ఎండిన అపార్టుమెంటు ముందు ట్యాంకరు నిలబడక తప్పదు. ఎండ సంగతి ఎల్బీనగర్ అడ్డా మీద నిలబడే కూలీలకు, మెట్రో పిల్లర్ల కింద బండ్లు పెట్టుకున్న చిరువ్యాపారులకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇంకో వింత. గ్రూప్స్ పరీక్షల సిలబస్‌లో విపత్తు నిర్వహణ ఉంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో వేలమంది పిల్లలు ఆ నోట్సు కంఠతా పడుతున్నారు. నివారణ, ఉపశమనం, సన్నద్ధత అని వరస తప్పకుండా అప్పజెబుతారు. తాము ఉంటున్న సెల్లార్‌లోకి నీళ్లొస్తే ఎటు పోవాలో వాళ్లలో ఎందరికి తెలుసో నాకు అనుమానమే. చదువుకూ నేర్వడానికీ మధ్య ఈ ఎడం వయోజన విద్యలో అందరూ ఎదుర్కొనేదే. పెద్దవాళ్లకు తెలియక కాదు, తెలిసింది చేయడానికి ఇంట్లో, వీధిలో, ఆఫీసులో అడ్డం పడేవాళ్లు ఉంటారు. ఆ అడ్డాన్ని చూపించని పాఠం వాళ్లకు పనికిరాదు.

మన దగ్గర ఈ పని మొదలుపెట్టినవాళ్లలో ప్రజానాట్యమండలిని చెప్పుకోవాలి. 1943లో పుట్టిన ఈ సంస్థకు డాక్టర్ గరికపాటి రాజారావు సారథి. షేక్ నాజర్ బెంగాల్ కరువును బుర్రకథగా కట్టి ఊరూరా చెప్పాడు. తెలుగు పల్లెలకు ఎక్కడో ఉన్న బెంగాల్ ఆకలిని చూపించి, ఆ కరువు వానలేమి వల్ల వచ్చింది కాదు, తిండి ఉండీ అందక వచ్చిందని చెప్పడం ఆ కథ చేసిన పని. విపత్తు వెనక మనిషి చెయ్యి ఉంటుందని జనానికి ఎరుకపరచడం ఇప్పటి వాతావరణ పాఠానికి కూడా మూలమే. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మా భూమి నాటకాన్ని వందకు పైగా దళాలు ఆడాయంటారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నాటకం ఊరికే ఆడుకునే ఆట అయితే నిషేధించాల్సిన పని ఉండదు కదా.

వయోజన విద్యతో నాటకం ముడిపడి నిజంగా లోకాన్ని కదిలించింది మాత్రం నెల్లూరు జిల్లాలో. ఆ కథ దగ్గర కాస్త ఆగాలి. 1990 దశకం మొదట్లో అక్షరాస్యత ఉద్యమం అక్కడ ఊపందుకుంది. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు కళాజాతలతో ఊళ్లు తిరిగారు. పగలంతా పొలంలో పనిచేసి వచ్చిన ఆడవాళ్లను రాత్రి బడికి రప్పించడం మాటలు కాదు. పాటతో, చిన్న నాటికతో వీధి నడుమ జనాన్ని పోగుచేసి, ఆట అయిపోయాక అక్కడే పేర్లు రాసుకునేవారు. తర్వాత వాచకం చేతికొచ్చింది. అందులో సీతమ్మ కథ అని ఒక పాఠం. తాగుబోతు మొగుడితో వేగలేని పేద ఆడమనిషి కథ అది. దూబగుంటలో ఆడవాళ్లు ఆ పాఠం చదివి, చర్చించుకుని, ఊళ్లోకి వచ్చే సారాను అడ్డుకున్నారు. వాళ్ల ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. సారా వ్యతిరేక ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. ఆ నిషేధం నిలవలేదన్నది వేరే చర్చ.

ఈ కథను చాలామంది నాటకం గెలుపుగా చెబుతారు. నేను అలా చూడను. నాటిక జనాన్ని తలుపు దాకా తెచ్చింది. లోపల రాత్రి బడి ఉంది, రోజూ వచ్చే చదువులమ్మ ఉంది, పక్కన కూర్చునే ఆడవాళ్లు ఉన్నారు, చర్చ ఉంది. బడి లేకుండా ఒట్టి కళాజాత వచ్చిపోయి ఉంటే దూబగుంట పేరు మనకు తెలిసేదే కాదు. ఇంకో సంగతి కూడా గమనించాలి. సారా మానమని ఆ వాచకం ఎవరికీ ఆజ్ఞ వేయలేదు. సీతమ్మ బతుకు చూపించింది. తాగొద్దని చెప్పే గోడరాతలు అంతకుముందు ఎన్ని లేవు? వాటివల్ల ఒక్క సారా కొట్టయినా మూతపడిందా?

నీళ్ల విషయంలో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉంది. 2003 నుంచి కొన్నేళ్లపాటు నెదర్లాండ్స్ సాయంతో, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా నడిచిన రైతు నిర్వహణలో భూగర్భజలాల పథకం అది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశంతో పాటు మన మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో 638 ఊళ్లలో పనిచేశారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ అంటే ఎల్బీనగర్‌కు పరాయి ఊళ్లు కావు. ఈ కాలనీల్లో సగం చుట్టరికాలు అటే. అక్కడ కూడా పని కళాజాతతోనే మొదలైంది. బోరు వెనక బోరు వేసి అప్పులపాలైన రైతు కథను వీధిలో ఆడి చూపించారు. ఆ తర్వాత రైతుల చేతికే తాడు, కొలబద్ద ఇచ్చి బావుల్లో నీటిమట్టం పక్షానికోసారి కొలిపించారు. వర్షమాపకం పెట్టించారు. యాసంగి ముందు ఊరంతా కూర్చుని, నేల కింద ఉన్న నీరెంత, వేయబోయే పంటలకు కావాల్సింది ఎంత అని లెక్క కట్టి బోర్డు మీద రాశారు. వరి వేయొద్దని ఎవరినీ ఆపలేదు. లెక్క చూసుకుని చాలామంది తామే పంట మార్చుకున్నారు. నీటి వాడకం తగ్గిందని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక కూడా రాసింది.

నెల్లూరులో రాత్రి బడి ఏ పని చేసిందో ఇక్కడ కొలబద్ద ఆ పని చేసింది. ముందు ఆట, వెనక రోజువారీ పని. ఆటను చూసి వెళ్లిపోకుండా పట్టి ఉంచే పని ఏదో ఒకటి ఉండాలి.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏటా సంక్రాంతికి మొదలుపెట్టే పాత పంటల జాతరను కూడా ఈ వరసలో చేర్చాలి. ఎడ్లబండ్ల మీద విత్తనాలు అలంకరించి, పాటలతో నెలపాటు ఊళ్లు తిరుగుతారు. మెట్ట పంటలు వానలేమికి ఎలా తట్టుకుంటాయో ఉపన్యాసం లేకుండా కళ్లకు కట్టే పద్ధతి అది. ఆ సంస్థ మరికొందరితో కలిసి 2001లో అల్గోల్‌లో ప్రజాతీర్పు అనే కార్యక్రమం జరిపింది. చిన్న రైతులే, అందులోనూ ఎక్కువగా దళిత మహిళలే న్యాయమూర్తులు. ఇరవై ఏళ్ల తర్వాత సేద్యం ఎలా ఉండొచ్చో రకరకాల ఊహాచిత్రాలను వీడియోలో చూసి, సాక్షులను ప్రశ్నించి, చివరికి తీర్పు చెప్పారు. వేదిక మీద తీర్పరులు ప్రేక్షకులే అయితే ఆ నాటకం ఎంత దూరం పోగలదో అది చూపింది.

ఈ సూత్రాన్ని ఒక పద్ధతిగా మార్చినవాడు బ్రెజిల్ రంగస్థల దర్శకుడు అగస్టో బోల్. 1971లో అరెస్టయి, దేశం విడిచి, 1973లో పెరూ అక్షరాస్యతా కార్యక్రమంలో పనిచేశాడు. అక్కడ మొదట నాటకం మధ్యలో ఆపి, తర్వాత ఏం జరగాలో చెప్పమని జనాన్ని అడిగేవాడు, చెప్పింది నటులు చేసి చూపేవారు. ఒకసారి ఒకామె చెప్పినట్టు నటి ఎన్నిసార్లు చేసినా, నేను చెప్పింది అది కాదంటూ ఆమె ఒప్పుకోలేదట. చివరికి నువ్వే వచ్చి చెయ్యమన్నాడు. ఆమె వేదికెక్కి చేసింది. ఫోరం థియేటర్ అక్కడ పుట్టింది. తర్వాత రియో నగర కౌన్సిలర్‌గా 1993 నుంచి 1996 దాకా, బస్తీల్లో ఆడిన నాటకాల్లోంచి వచ్చిన సూచనలను చట్టాలుగా మార్చే పని పెట్టుకున్నాడు. పదమూడు చట్టాలు అలా వచ్చాయి.

మన దేశంలో ఈ పద్ధతిని ఎక్కువకాలం పట్టుకుని నడిపింది పశ్చిమ బెంగాల్‌లోని జన సంస్కృతి. సంజయ్ గంగూలీ 1985లో మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి ఈ నాటకాలు చూస్తూ వచ్చిన ఊళ్లలో భార్యలను కొట్టడం తగ్గిందని ఆర్థికవేత్తలు అధ్యయనం చేసి తేల్చారు. ఒక్కసారి చూసి చప్పట్లు కొట్టిన ఊళ్ల సంగతి కాదు అది.

బంగ్లాదేశ్ ఉదాహరణ విపత్తులకు ఇంకా దగ్గరిది. 1970 తుఫానులో తక్కువలో తక్కువ మూడు లక్షల మంది పోయారు. ఆ దెబ్బతో పుట్టిన తుఫాను సన్నద్ధతా కార్యక్రమంలో వలంటీర్లు జెండాలు, మెగాఫోన్లతో పాటు వీధి నాటకాలనూ వాడుకుంటారు. 2007లో సిద్ర్ తుఫాను వచ్చినప్పుడు పోయినవాళ్లు మూడు నాలుగు వేలు. అంత తేడా నాటకం వల్లే వచ్చిందంటే అబద్ధం అవుతుంది. తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు ముందే అందాయి. షెల్టరు ఉంది కాబట్టే షెల్టరుకు పదండి అని చెప్పే నాటకానికి అర్థం వచ్చింది. కెన్యాలో న్గూగీ వా థియాంగో కమిరీతూ ఊరి వయోజన విద్యాకేంద్రంలో రైతులు, కూలీలతో 1977లో ఆడించిన నాటకాన్ని ప్రభుత్వం ఆపేసి ఆయన్ను జైల్లో పెట్టింది. పెద్దల బడి, వీధి నాటకం కలిస్తే సర్కార్లకు ఎందుకు గుబులో మా భూమి సంగతి తెలిసిన మనకు వివరించనక్కర్లేదు. 2015 నుంచి వాతావరణ సదస్సుల వేళ ప్రపంచమంతటా చిన్న నాటకాలు ఆడించే క్లైమేట్ చేంజ్ థియేటర్ యాక్షన్ కూడా ఉంది. చదువుకున్న నగరవాసుల మధ్య మంచి చర్చ పెడుతుంది. సీసాల బస్తీకి దానివల్ల ఒరిగేది పెద్దగా ఉండదు.

ఇక మన సర్కారు కళాజాతల మాట. కేంద్రం 1954లోనే గేయ, నాటక విభాగం పెట్టింది. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి ఏర్పాటైంది, ఉద్యమంలో ధూంధాం ఆడిన కళాకారులకు ఉద్యోగాలు దొరికాయి. అది మంచి పనే. పాట కట్టడంలో, గజ్జె కట్టడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. మిషన్ కాకతీయకు, హరితహారానికి వాళ్లు పాడారు. ఇబ్బంది కళాకారుల్లో లేదు, వాళ్ల చేతికిచ్చే కాగితంలో ఉంది. పథకం పేరు, నాయకుడి పేరు, చేయాల్సినవి, చేయకూడనివి అన్నీ పైనుంచి దిగుతాయి. పాట అయిపోయాక జనం నోరు తెరిచి అడిగే జాగా ఉండదు. చెట్లు నాటండి, నీళ్లు వృథా చేయకండి, మధ్యాహ్నం బయటికి రాకండి అని పాడితే అడ్డా కూలీ ఏం చేయాలి? మధ్యాహ్నం బయటికి రాకపోతే రాత్రి పొయ్యి వెలగదు.

విచిత్రం ఏమంటే, ప్రశ్న అడిగే జాగా మన కళారూపాల్లో పుట్టుకతోనే ఉంది. బుర్రకథలో నడుమ కథకుడు తంబుర పట్టుకుని కథ నడుపుతుంటే, పక్కన ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తారు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. కథకుడు ఎంత గంభీరంగా పాడుతున్నా రాజకీయ వంత అడ్డం పడి, అవునుగానీ మా ఊళ్లో రేషను ఇంకా రాలేదేమి అని అడగొచ్చు. అది తప్పు కాదు, అతని పనే అది. ఒగ్గుకథలో కూడా అంతే. డోలు మోగుతుండగా కథ చెప్పేవాడు ఉన్నట్టుండి పాత్రలోకి దూకుతాడు, మళ్లీ బయటికొచ్చి జనంతో మాట్లాడతాడు. మల్లన్న కథ, ఎల్లమ్మ కథ చెబుతూనే చుట్టూ కూర్చున్నవాళ్లను పేరుపెట్టి కథలోకి లాగగల దిట్టలు వాళ్లు. చెరువు కట్టలకు కాపలా కాసే కట్టమైసమ్మ మన దగ్గర ఊరూరా ఉంది. కట్ట తెగితే ఊరు మునుగుతుందన్న ఎరుకను మన పెద్దలు ఆమెకు అప్పగించారు. సరూర్‌నగర్ కట్ట మీద మైసమ్మ కథను ఒగ్గు డోలు మీద చెబుతూ, మధ్యలో అలుగు దారిని ఎవరు మూశారని వంత చేత అడిగిస్తే బోల్ పద్ధతిని దిగుమతి చేసుకోవాల్సిన పని కూడా ఉండదు. వంత నోరు కట్టేయకుండా ఉంటే చాలు.

ఇక్కడ ఆడాల్సిన నాటకం ఎలా ఉండాలని నన్నడిగితే ఒక దృశ్యం చెబుతాను. చెరువు కింద ఒక రెండంతస్తుల ఇల్లు. కింద కిరాయికి ఉండే కుటుంబం, పైన ఓనరు. రాత్రి తొమ్మిది దాటింది. వాన ఆగడం లేదు. గడప దాకా నీళ్లొచ్చాయి. సంపు మూత తేలుతోంది. కిందింటామె మెట్లెక్కి, "అక్కా, జర మెయిన్ బంద్ చేద్దామా, మీటరు బోర్డు కాడికి నీళ్లొస్తున్నయ్" అంటుంది. పైనామె, "మా ఫ్రిజ్‌ల ఇన్సులిన్ ఉంది, కరెంటు తీసేస్తే ఎట్ల?" అంటుంది. పిల్లల సర్టిఫికెట్లు, బియ్యం సంచి, సిలిండరు పైకి తేవాలి. డాబా మీద గేటుకు తాళం. తాళం ఓనరు కొడుకు దగ్గర ఉంది, అతను ఇంకా మెట్రోలో వస్తున్నాడు. ముసలమ్మ మంచం దిగనంటోంది, "2020ల గూడ గిట్లనే అన్నరు, ఏమైంది?" అంటోంది. సూత్రధారి డోలు కొట్టి ఆట ఆపుతాడు. ఇప్పుడు ఎవరు ఏం చేస్తారు, లేచి చేసి చూపించండి అంటాడు.

ఇక్కడ సరైన జవాబు ఒక్కటి లేదు, అదే దీని బలం. ఒకామె లేచి ఇన్సులిన్‌ను ఐసు డబ్బాలో పెట్టి మెయిన్ ఆపిస్తుంది. మరొకాయన వచ్చి, అసలు డాబా తాళం చెవి ఒకటి కిందింటి వాళ్ల దగ్గర ఉండాలని వానలు మొదలుకాకముందే ఒప్పందం చేసుకోవాలంటాడు. ఇంకో కుర్రాడు లేచి, ఇవన్నీ సరేగానీ నాలా మీద ఆ కట్టడం ఎవరిది అని అడుగుతాడు. ఆ ప్రశ్న రాగానే ముందు వరసలో ఇంజినీరు కూర్చుని ఉంటే, నాటకం అక్కడితో అయిపోయి అసలు సభ మొదలవుతుంది. రావలసింది కూడా అదే.

ఎండ మీద ఆడే నాటకానికి ఇంకో తగాదా కావాలి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, దేశంలో అలా తెచ్చిన మొదటి రాష్ట్రం మనది. 2017లో నగరంలోని దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ల కప్పులకు తెల్లటి పూత వేసి చూస్తే లోపల వేడి రెండు డిగ్రీల దాకా తగ్గింది. అయితే విధానం ప్రకారం తప్పనిసరి అన్నది 600 గజాలు, ఆపైన స్థలాల్లోని ఇళ్లకే. చిన్న ఇళ్లకు ఇష్టం ఉంటేనే. రేకుల ఇంట్లో ఉడికిపోయేది చిన్న ఇళ్లవాళ్లు. పైగా కిరాయిదారు తన డబ్బుతో ఓనరు రేకులకు సున్నం వేయాలా? ఇది నాటకానికి తగిన ప్రశ్న. 2025లో వడదెబ్బ చావులకు పరిహారం 4 లక్షలకు పెరిగింది. కానీ అది వడదెబ్బే అని నిరూపించాలి. తహసీల్దారు, డాక్టరు, పోలీసు ముగ్గురి సంతకాలకు తిరిగే ఇల్లాలి కథను ఒక ప్రహసనంగా ఆడితే నవ్వూ వస్తుంది, దేనికి ఎవరిని అడగాలో నేర్పూ వస్తుంది.

ఈ మొత్తం ఆలోచన మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. సర్దుకోవడం నేర్పడం అంటే ఎవరో చేసిన తప్పుకు పేదవాడిని సర్దుకుపొమ్మనడమే కదా? నాలా మింగినవాడికి నాటకం చూపించరు, నీళ్లు వచ్చిన ఇంటివాడికి చూపిస్తారు. మూసీ ఒడ్డున ఇది ఇంకా ముల్లులా గుచ్చుకుంటుంది. 2024 సెప్టెంబరులో నదీ అభివృద్ధి కోసం ఇళ్లకు గుర్తులు వేయడానికి సర్వే బృందాలు వచ్చినప్పుడు చైతన్యపురి, కొత్తపేట వైపు జనం నిలదీశారు. ఏడాది తిరిగేసరికి, 2025 సెప్టెంబరు చివర్లో అదే మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన మునిగింది, ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి. నది ఒడ్డు ప్రమాదం నిజం. దశాబ్దాల కష్టంతో కట్టుకున్న ఇల్లు పోతుందన్న భయం కూడా నిజం. ఇక్కడ ఖాళీ చేయండని చెప్పే నాటకం సర్కారు బాకా అవుతుంది, చేయకండని చెప్పే నాటకం ప్రతిపక్షం బాకా అవుతుంది. రెండు నిజాలనూ ఒకే ఇంట్లో అన్నదమ్ముల నోట పెట్టి తీర్పు వీధికి వదిలేయగల రచయిత కావాలి. మా భూమి రాసిన భాషలో అలాంటి రచయితలకు కరువు ఉండకూడదు.

ఎక్కడ, ఎప్పుడు అన్నది కూడా ముఖ్యమే. రవీంద్రభారతిలో ఆడితే సీసాల బస్తీ రాదు. అడ్డా మీద పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా కూలీలు నిలబడి ఉంటారు. కానీ మేస్త్రీ రాగానే ఆట నడుమనే లేచిపోతారు. కాబట్టి అక్కడ ఏడెనిమిది నిమిషాలకు ఒకటి తెగే ముక్కలే ఆడాలి. అందులో ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లూ ఉంటారు కాబట్టి మాట తక్కువ, చేత ఎక్కువ ఉండాలి. మలక్‌పేట, మూసారాంబాగ్ వైపు ఉర్దూ లేకుండా కుదరదు. ఇక కాలనీలకు, బస్తీలకు మన క్యాలెండరులోనే మంచి తిథి ఉంది. వినాయక చవితికి ప్రతి గల్లీలో వేదిక లేస్తుంది, మైకు ఉంటుంది, లైట్లు ఉంటాయి, ఆడామగా పిల్లాజెల్లా రాత్రి పదిదాకా అక్కడే ఉంటారు. వానాకాలం నడుమ అది. హైదరాబాద్‌ను ముంచిన పెద్ద వరదల్లో కొన్ని చవితి తర్వాతే వచ్చాయి. 1908 మూసీ వరద సెప్టెంబరు 28న, 2020ది అక్టోబరు నడిమిలో, 2025ది సెప్టెంబరు ఆఖర్లో. పైసా ఖర్చు లేకుండా ఊరంతటికీ ఒకేసారి దొరికే ఇంతమంది ప్రేక్షకులను ఏ స్వచ్ఛంద సంస్థ ప్రాజెక్టు కూడా తేలేదు.

నాటకం వెనక పట్టి ఉంచే పని ఏమిటన్నది మిగిలింది. నెల్లూరుకు రాత్రి బడి, నల్లగొండకు బావి కొలత. ఇక్కడ ఏది? నా లెక్కలో ఒక గోడ గీత చాలు. చెరువు కింద ప్రతి గల్లీలో ఒక స్తంభం మీద నీటిమట్టం గీతలు గీయాలి. ఏ గీత దాటితే మెయిన్ ఆపాలో, ఏ గీత దాటితే డాబా ఎక్కాలో ఆ గల్లీవాళ్లే నాటకం అయిన రాత్రి తేల్చుకోవాలి. మహిళా సంఘాలు, కాలనీ సంక్షేమ సంఘాలు దాన్ని కాపాడుకోవాలి. వాన పడ్డ ప్రతిసారీ ఎవరు ఫోను ఎత్తారో, ఎవరు ఎత్తలేదో ఒక పుస్తకంలో రాసుకోవాలి. మరుసటి ఏడు నాటకానికి కథ ఆ పుస్తకంలోనే దొరుకుతుంది.

మండపాల కమిటీలవారికి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో నాటకం మీద మనసున్న కుర్రవాళ్లకు ఒక మనవి. వచ్చే చవితి రాత్రుల్లో ఒక్కటి, ఒక్క గంట దీనికి ఇవ్వండి. పాటల పోటీ ఎటూ ఉంటుంది. మీ గల్లీలో 2020లో నిజంగా జరిగిన ఒక తగాదాను, పేర్లు మార్చి, మీరే ఆడండి. మున్సిపల్ వార్డు ఆఫీసుకు, చెరువుల ఆక్రమణలు చూసే హైడ్రాకు, జలమండలికి ముందే చీటీ రాసి, ఒక్కో కుర్చీ మీద వాళ్ల శాఖ పేరు అంటించి ముందు వరసలో వేయండి. వస్తే ప్రశ్న అడగండి. రాకపోతే ఖాళీ కుర్చీనే అడగండి, అడిగింది రాసి మర్నాడు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.